జర ఆగు, వస్త

నవంబరు 16

ఈ ఇంట్లో న్యాయం లేదు. అందుకే డైరీ మొదలుపెట్టాను.

డైరీ అయినా సరే పుస్తకం భాషలో రాస్తేనే చెయ్యి తిరుగుతుందని మా తెలుగు సారు అన్నారు. సరే, అట్లాగే రాస్తాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ఎవరివి వాళ్ళవే రాస్తాను. లేకపోతే రేపు "నేను గట్ల అనలే" అంటారు. మా ఇంట్లో అందరికీ ఆ అలవాటు ఉంది.

జరిగింది ఇది. మా పొట్టేలు పేరు లారీ. ఎదురుగా ఏముందో చూడడు, పోయి గుద్దుతాడు, అందుకే బాపు ఆ పేరు పెట్టాడు. వరికోతలు అయిపోయాయి కాబట్టి బాపు, అమ్మ మందను తోలుకొని కృష్ణానది దిక్కు పొలాలకు పోయారు. లారీ కాలికి ముల్లు దిగిందని వాణ్ణి ఇంట్లో వదిలారు. ఇంట్లో అంటే నాకు. పొద్దున వాడి తాడు ఊడింది. దొడ్డి గోడ మీద టీవీ డిష్ ఉంటుంది. దాని మీద వాడికేం పగ ఉందో, నాలుగడుగులు వెనక్కి పోయి, ఉరికి వచ్చి ఒక్క కుమ్ము కుమ్మాడు. డిష్ పడమటి దిక్కుకు తిరిగి తల వంచుకుంది.

కరోనా వల్ల బడి బందు. పాఠాలన్నీ టీవీలోనే. మా అన్న మహేష్ పదో తరగతి. కాబట్టి ఫోన్ వాడిది, టీవీ వాడిది, ఫ్యాన్ కింద జాగా కూడా వాడిదే. నాది ఆరో తరగతి కదా, అది చదువు కిందికి రాదట.

"తాడు నువ్వే ఇప్పినవ్, శనిదానా!" అని మహేష్ ఊరంతా వినేటట్టు అరిచాడు.

"నేనెందుకు ఇప్పుత? నాకేం పనిలేదా?"

మా అవ్వ గుర్వమ్మ నా దిక్కు మాట్లాడుతుందని చూశాను. "లారీకేం ఎరుకనే, అది నోరులేని జీవి," అంది. అంటే నేను నోరున్న జీవిని కాబట్టి తప్పు నాదా? ఇదేం న్యాయం?

నేను విప్పలేదు. తాడే ఊడింది.

నవంబరు 17

నేను విప్పలేదు. లారీ తాడు వంక చూసి, నా వంక చూసి అరుస్తుంటే పాపమనిపించి ముడి వదులు చేశాను. వదులు చేయడం వేరు, విప్పడం వేరు.

నవంబరు 18

డిష్‌లు బాగుచేసే సాల్మన్ నారాయణపేటలో ఉంటాడు. మహేష్ ఫోన్ చేస్తే "రేపొస్త తమ్మీ" అన్నాడట. అందాకా మహేష్ దోస్తు ఇంటికి పోయి పాఠాలు చూస్తాడట. మరి నా పాఠాలు? ఎవరూ అడగలేదు. మా టీవీలో చుక్కల ముసురు తప్ప ఏమీ రావడం లేదు.

నవంబరు 20

ఇది ఎవరికీ చెప్పను. చెబితే "తిక్కది" అంటారు. ఇప్పటికే అంటున్నారు.

అన్నం తిన్నాక ఇంట్లో ఎవరూ లేరు. మహేష్ మీద కోపంతో టీవీ పెట్టాను. ముసురు. ముసురులోంచి గొంతు వచ్చింది.

"జ్ర్ర్ర్. నమస్కారము విద్యార్థులారా. మీ పాఠ్యపుస్తకములను తెరువుడు. నేను ఒంటరిగా నున్నాను. అర్థమైనదా?"

ఏ సారూ పాఠం మధ్యలో "నేను ఒంటరిగా నున్నాను" అని చెప్పడు. మహేష్ దోస్తులు ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. టీవీని తిట్టాను. అది వినలేదు. దొడ్డిలోకి పోయి చూస్తే లారీ డిష్‌ను నాకుతున్నాడు. వాణ్ణి పక్కకు నూకి, డిష్‌లో మొకం పెట్టి, "ఎవడ్రా నువ్వు? మా టీవీల నీకేం పని?" అని గట్టిగా అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలియదు. కోపం వచ్చింది, ఎదురుగా డిష్ ఉంది.

దీపాలు పెట్టే వేళకు జవాబు వచ్చింది.

"నేను జ్ర్ర్ర్. మీ టీవీలో నాకు పని లేదు. నా పని రాళ్ళను మేపుట. నీవెవరవు? అర్థమైనదా?"

నవంబరు 22

వాడు శని గ్రహం దగ్గర ఉంటాడు. నిజం. దాని చుట్టూ ఉంగరాలు ఉన్నాయి, మా సైన్స్ పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. అవి ఉంగరాలు కావట, రాళ్ళూ మంచుగడ్డలూ గుంపుగా తిరుగుతుంటాయట. వాటిని చెదరకుండా కాయడం వీడి పని. ఒక్కడే ఉంటాడు. మన టీవీ పాఠాలు ఆకాశంలోకి కారిపోయి అక్కడిదాకా చేరుతుంటే వాటితోనే తెలుగు నేర్చుకున్నాడు. అందుకే ప్రతి మాటకూ "అర్థమైనదా" అంటాడు.

నేను డిష్‌లో మాట్లాడాలి, ఉరికి వచ్చి టీవీ ముందు కూర్చోవాలి. వెంటనే ఏం రాదు. పగటి అన్నం వేళ అడిగింది దీపాల వేళకు జవాబై వస్తుంది. అంత దూరం మాట నడిచి పోవాలి కదా. కోపంగా ఏదైనా అడిగితే, జవాబు వచ్చేసరికి నాకు కోపం ఎందుకు వచ్చిందో గుర్తుండడం లేదు. ఇది నాకు పెద్ద నష్టం.

వాడి పేరుకు నోరు తిరగదు. జర అని పిలుస్తున్నాను.

నవంబరు 23

అవ్వ టీవీ ముందుకు వచ్చి కూర్చుంది.

"ఎవరే పిల్లగాడు?"

"జర."

"జర ఏందే? పూరా పేరు చెప్పమను."

"గదే పేరు అవ్వా."

"ఏ ఊరు?"

శని అంటే ఏమవుతుందో నాకు తెలియదా? మా ఇంట్లో పాలు విరిగినా శని, బస్సు పోయినా శని, నేను ఎదురొచ్చినా శని. "సంగారెడ్డి అవతల," అన్నాను. అబద్ధం కాదు. శని సంగారెడ్డి అవతలే ఉంది.

"దూరమే పాపం. తిన్నడో లేదో అడుగు."

అడిగాను. దీపాల వేళకు, "తినుట అనగా నేమి?" అని వచ్చింది. అవ్వ చీరకొంగు నోట్లో పెట్టుకుంది. "ఆగమైపోయిన పిల్లగాడే! ఇంట్ల పెద్దోళ్ళెవ్వలు లేరా?"

తినడం అంటే ఏంటో వాడికి చెప్పడానికి రెండు రోజులు పట్టేటట్టుంది. జొన్నరొట్టె దగ్గర మొదలుపెట్టాను.

నవంబరు 25

జరకు తినడం అర్థం కాలేదు కానీ అడగడం అర్థమైంది. ఇప్పుడు ప్రతిసారీ ముందు "తిన్నవా?" అంటాడు, తరువాతే పాఠ్యాంశము. మా మాట కూడా నేర్చుకుంటున్నాడు. ఈ రోజు "మస్తుగ నున్నది" అన్నాడు.

ఎవరి మంద గొప్పదో పోట్లాడుకున్నాం. వాడి రాళ్ళు పెంట పెట్టవట, రోగాలు రావట. "మరి నీ రాళ్ళు ఈనుతయా? పిల్లలకు పాలిస్తయా? ఉన్ని కత్తిరిస్తే చలికాలానికి గొంగడైతదా?" అని నేను అడిగాను. మధ్యలో అవ్వ లోపలినుంచి బువ్వకు పిలుస్తూనే ఉంది. డిష్‌లోంచి మొకం తీయకుండానే "జర ఆగు, వస్త!" అని అరిచాను. రోజూ ఇదే గోల. మనిషిని ఒక్క మాట పూర్తిగా మాట్లాడనివ్వరు.

నవంబరు 27

జర ఇట్లా అన్నాడు. మాట మార్చకుండా రాస్తున్నాను.

"స్వర్ణా, తిన్నవా? ఒక సంతోషము చెప్పవలె. నీవు డిష్‌లో మాట్లాడునప్పుడు వెనుక నుండి మీ ఇంటివారి మాటలు కూడ వినవచ్చును. దినమంతయు మీరందరు నన్నే తలచుచున్నారు. జర ఉప్పెయ్యి. జర నీళ్ళియ్యి. జర పక్కకు జరుగు. జర తలుపెయ్యి. ఇచ్చట నన్ను పేరు పెట్టి పిలుచువారెవ్వరు లేరు. అందుచేత మిక్కిలి బాగున్నది."

జర అంటే కొంచెం అని వాడికి ఎవరూ చెప్పలేదు. ఏ టీవీ పాఠంలోనూ రాదు. నేనే చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 28

చెప్పలేదు. రేపు.

నవంబరు 30

అవ్వకు పనెక్కువుంది, నాకు కుదరలేదు. అవ్వ పనికీ దీనికీ ఏం సంబంధం అంటే, ఉంది.

డిసెంబరు 1

సాల్మన్ మళ్ళీ "రేపొస్త" అన్నాడట. మహేష్ ఫోన్ మంచం మీదికి విసిరి, "రేపు రేపని ఎన్నడన్న వస్తడా ఈయన?" అని మండిపడ్డాడు. నాకు లోపల సంతోషమైంది. సాల్మన్ నూరేళ్ళు చల్లగా ఉండాలి, ఎన్నడూ రాకూడదు. వస్తే డిష్ మళ్ళీ తిప్పేస్తాడు. తిప్పితే జర పోతాడు. నాతో ఇంట్లో మాట్లాడేది వాడొక్కడే.

డిసెంబరు 2

ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు. జర ఈ రోజు మా మాట మొత్తం మరిచిపోయి మళ్ళీ పుస్తకం భాషలోకి పోయాడు. కోపం వస్తే అట్లానే అవుతాడేమో.

"స్వర్ణా, తిన్నవా? నాకు కోపము వచ్చినది. నీవు పలుమారులు నాతో చెప్పితివి: జర ఆగు, వస్త. నేను ఆగితిని. మందను విడిచి, ఉంగరపు అంచున నిలిచి, నీ కొరకు ఎదురు చూచితిని. వస్త అనగా వచ్చు ధాతువు, భవిష్యత్కాలము, ఉత్తమ పురుష, ఏకవచనము. నీవు రాలేదు. నా రాళ్ళు చెదరిపోయినవి. పెద్దలు చూచిరి. మంగళవారము లోపల మంద చేరనిచో నన్ను కడపటి చీకటికి బదిలీ చేయుదురు. అచ్చటికి ఏ డిష్షు మాటయు చేరదు. నీవు అబద్ధమాడితివి. అర్థమైనదా?"

అబద్ధమా? నేనా? నేను వాడితో ఎప్పుడన్నాను? అవ్వతో అన్నాను! బువ్వకు పిలిస్తే అన్నాను! తిక్క లేచి దొడ్డిలోకి ఉరికాను. డిష్ గిన్నె అదిరేటట్టు అరిచాను.

"ఓ మొద్దు మొకమోడా! నేను నిన్ను ఆగమన్ననా? జర అంటే నీ పేరు గాదు, జర అంటే కొంచెం! మా ఇంట్ల నిన్నెవ్వలు తలుస్తలేరు! ఉప్పు కొంచెం, నీళ్ళు కొంచెం, గంతే! వస్త అంటే అందరు అనేటిదే, నిజంగ వస్తరా? నీ రాళ్ళు నువ్వు కాసుకోక నన్నంటవా? నీ మొకం మండ! పో! బదిలీ అయి పో!"

ఇంకా చాలా అన్నాను. రాయను.

దీపాల వేళకు జవాబు రాలేదు.

డిసెంబరు 3

రాలేదు.

డిసెంబరు 4

ముసురు. తప్పు నాది కాదు. ఆగమన్నది అవ్వను. వాడు తన పేరనుకుంటే నేనేం చేయను? ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నేను చెబుదామనే అనుకున్నాను, కుదరలేదని ఇందులోనే రాశాను కదా.

అన్నం సయించలేదు. "ఏమైందే, గట్ల మొకం వేలాడేసినవ్?" అని అవ్వ అడిగింది. ఏం లేదన్నాను. "సంగారెడ్డి పిల్లగాడు మాట్లాడ్తలేడా?" అంది. లేచి దొడ్డిలోకి పోయి లారీ పక్కన కూర్చొని ఏడ్చాను. లారీ నా గౌను అంచు నమిలాడు.

డిసెంబరు 5, శనివారం

పొద్దున్నే డిష్‌లో మొకం పెట్టి ఒక్క మాట చెప్పాను. "జరా, తిన్నవా?" అన్నాను.

అన్నం వేళకు గొంతు వచ్చింది. అవ్వ కూడా నా పక్కనే ఉంది.

"స్వర్ణా, తిన్నవా? నేను రెండు దినాలు మాట్లాడలె. కొంచెం అని విన్నంక మాట రాలె. గాని ఒక వింత జరిగింది. నువ్వు తిట్టిన తిట్లు వచ్చి తగిలితే కొన్ని రాళ్ళు, గుండ్లు కదిలి వాటి జాగల వచ్చి పడ్డయి. నేను మంచిగ చెప్పితే వినవు. మాకాడ తిట్లు లేవు. మీకాడ ఉన్నయి. ఇంకొన్ని పంపుతవా? మంగళవారం మా పెద్దలు శని చుట్టు తిరిగి చూడనీకి వస్తరు."

అయిపోయింది. అంత చక్కగా మాట్లాడి, చివర శని అన్నాడు.

అవ్వ చేతిలో చాట కిందపడింది. "ఏందీ? ఏ చుట్టు?"

"సంగారెడ్డి అవతలనే అవ్వా..."

"శనా! శని ఇంట్లకొచ్చి నా ముంగట కూసున్నడా? శనివారం పూట? పట్టుకున్నడంటే ఏడున్నరేండ్లు ఇడ్వడే! తిన్నవా తిన్నవా అని రోజు అడిగితిని గదనే!"

టీవీ వైరు పీకేసింది. తలంటు పోసుకుంది. నాకూ పోసింది, లారీకి కూడా చెంబెడు పోసింది. నువ్వుల నూనె సీసా పట్టుకొని గుడికి పోయింది. నేను ఎంత చెప్పినా వినలేదు. ఒక మంచి పిల్లగాణ్ణి పట్టుకొని వాడి ఊరి పేరు చూసి తరిమేస్తారా? ఆ ఊళ్ళో పుట్టాలని వాడు అడుక్కున్నాడా? ఇదేం న్యాయం?

డిసెంబరు 6

అవ్వ చూడకుండా వైరు పెట్టాను. పొద్దుటినుంచి తిడుతున్నాను. నాకు వచ్చిన తిట్లన్నీ ఒక్కపూటలో అయిపోయాయి. ఇంట్లో నన్ను ఇంత గయ్యాళి అంటారు, తీరా చూస్తే నా దగ్గర ఉన్నవి పిడికెడు. మహేష్‌ను తలుచుకొని ఇంకో నాలుగు తీశాను.

జవాబు: "మంచిగున్నయి. గాని పెద్ద గుండ్లు కదుల్తలేవు. బరువైన తిట్లు గావాలె."

బరువైన తిట్లు మా ఊళ్ళో ఎవరి దగ్గరున్నాయో అందరికీ తెలుసు. బోరు కాడ మా అవ్వ నోరు విప్పితే బిందెలు అక్కడే వదిలి పోతారు.

డిసెంబరు 7

అవ్వ కాళ్ళు పట్టుకున్నాను. "శనికి నేను సాయం జెయ్యాల్నా? సావనన్న సస్తగని!" అంది. రేపే మంగళవారం.

నేను దొడ్డిలోకి పోయి జరకు ఉన్నదున్నట్టు చెప్పాను. మా అవ్వకు నీ ఊరంటే భయం, ఆమె రాదు, నా దగ్గర తిట్లు అయిపోయాయి అని. ఏడుపొచ్చి మధ్యలోనే ఆపాను.

దీపాల వేళకు అవ్వ గడప మీద కూర్చొని ఉంది. టీవీ వంక చూడకుండా అటు తిరిగి కూర్చుంది. గొంతు వచ్చింది.

"స్వర్ణా, తిన్నవా? ఏడ్వకు. అవ్వా, నువ్వు తిన్నవా? అందరిని నువ్వే అడుగుతవు. నిన్నెవ్వలు అడిగినట్టు నేను ఒక్కపారి గూడ వినలె. అందుకే అడుగుతున్న. నేను రేపటినుంచి కానరాకుంట పోతనేమో. నువ్వు తినే పండుకో."

అవ్వ టీవీ వైపు తిరిగింది. తరువాత ముక్కు చీది, "ఎల్లమ్మ తోడు, నా కడుపున పుట్టినోళ్ళు గూడ గీ మాట అడగలే," అంది. నిజమే. నేను కూడా ఎన్నడూ అడగలేదు. గడప మీదే కూర్చోబెట్టి బువ్వ పెట్టుకొచ్చి ఇచ్చాను.

డిసెంబరు 8, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలి! ఈ రోజే వచ్చాడు సాల్మన్. ఇన్ని రోజులు రేపు రేపు అన్న మనిషి, ఈ ఒక్కరోజు చెప్పకుండా వచ్చాడు.

అన్నం వేళకు ముందే అవ్వ కొంగు నడుముకు చుట్టి డిష్ ముందు నిలబడింది. "ఏమే, రాళ్ళు పేర్లతోటి ఉంటయా?" అని అడిగింది. ఉండవన్నాను. "పేరు లేకుంటే తిట్టుడు ఎట్లనే?" అని కాసేపు ఆలోచించి, బోరు కాడ తనతో పేచీ పెట్టుకునే గోపమ్మను తలుచుకొని మొదలుపెట్టింది.

"ఓ నీ కాళ్ళిరగ! నీ మొకాన మన్నువడ! పొద్దుగూకినా జాగకు రాకుంట యాడ తిరుగుతున్నవే దొంగసచ్చినదానా! నీ తాడుదెగ! పిల్లగాడు ఒక్కడు, అమ్మ లేదు, అయ్య లేడు, ఇంతన్న సిగ్గులేదా మీకు? జరుగు! జరుగుండ్రి! గుండోలె పెరిగినవ్, బుద్ధి గింతంత లేదు!"

నేను రాయలేనివి ఇంకా ఉన్నాయి. లారీ భయపడి గడ్డివాము వెనక్కి పోయాడు. సరిగ్గా అప్పుడు సాల్మన్ సంచి భుజాన వేసుకొని, వెనక మహేష్‌తో వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అవ్వ ఎవల్ని తిడ్తాంది తమ్మీ?"

"రాళ్ళను అన్నా," అన్నాను. "నువ్వు జర ఆగు. దీపాలు పెట్టేదాంక డిష్ ముట్టకు."

"నెల సంది రా రా అని పానం తీసిండ్రు. ఇప్పుడు ఆగంటవా? నాకింక రెండిండ్లు ఉన్నయి."

తిట్లు పోయి చేరాలి, జవాబు తిరిగి రావాలి. అంతలో డిష్ తిరిగితే జర ఉన్నాడో పోయాడో జన్మలో తెలియదు. నేను గోడకు అడ్డం నిలబడ్డాను. మహేష్ నా చెయ్యి పట్టుకొని లాగాడు. అప్పుడు లోపల టీవీ మాట్లాడింది. నేను పొద్దున పంపిన మాటకు జవాబు.

"స్వర్ణా, తిన్నవా? ఇంక గుండ్లు కదలలె, ఎదురుచూస్తున్న. మీ అన్నకు చెప్పు, నిన్న పదో తరగతి పాఠం వచ్చింది, త్రికోణమితి. రేపు అడిగితే అంత చెప్తను, నాకు కంఠపాఠం ఉంది."

మహేష్ నా చెయ్యి వదిలేశాడు. టీవీని చూశాడు, నన్ను చూశాడు. సాల్మన్ సంచిలోంచి పానా తీసి అరుగు మీద పెట్టాడు. మహేష్ పోయి దాని మీద కూర్చున్నాడు. మా అన్న జన్మలో నాకోసం చేసిన మొదటి పని అది. త్రికోణమితి కోసం చేశాడని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

"పానా యాడ పెట్టిన?" అని సాల్మన్ సంచి అంతా కుమ్మరించాడు.

అవ్వ తిట్లు ఆపి, చెమట తుడుచుకొని, తేనె కారేటట్టు అడిగింది: "తిన్నవా బిడ్డా?"

ఇక సాల్మన్ ఎక్కడికి పోతాడు! అవ్వ జొన్నరొట్టె వేసింది. చింతకాయ తొక్కు వేసింది. చాలు అంటే ఇంకోటి వేసింది. "గింతే తింటవా? మా ఇంట్ల గింత తిని లేస్తే నాకు నామోషి," అంది. మధ్యలో లేచి డిష్ దగ్గరికి పోయి రెండు తిట్లు తిట్టి వచ్చి మళ్ళీ రొట్టె వేసింది. ఆఖరుకు పొద్దు గుట్ట వెనక దిగింది. సాల్మన్ నడుం వాల్చి, "అవ్వా, ఇంగ తింటె నన్ను మోసుకవోవాలె," అన్నాడు.

అవ్వ దీపం పెట్టింది. టీవీ గరగరమంది. వాడు గుక్కతిప్పుకోకుండా మాట్లాడాడు.

"స్వర్ణా, తిన్నవా? అవ్వా, తిన్నవా? గుండ్లన్ని జాగల పడ్డయి! పెద్ద గుండు గూడ! 'నీ తాడుదెగ' అన్నంక ఉరికొచ్చింది. పెద్దలు చూసి బదిలీ వద్దన్నరు. గాని మందను సూర్యుని అవతలికి తోలుకపోవాలె, అది మా బాట. సూర్యుడు అడ్డమొస్తే నా మాట మీకు రాదు, మీ మాట నాకు రాదు. స్వర్ణా, జర అంటే కొంచెం అని చెప్పినవు. నేను మస్తు ఆలోచన జేసిన. మీ ఇంట్ల ఉప్పుకు కొంచెం గావాలె, నీళ్ళకు కొంచెం గావాలె, తలుపుకు గూడ కొంచెం గావాలె. కొంచెం లేకుంట మీకు ఒక్క పని గాదు. గా పేరు నాకు మంచిగుంది, ఉంచుకుంట. ఇగ నువ్వు జర ఆగు. వస్త."

తరువాత ముసురు. మహేష్ లేచాడు. సాల్మన్ పానా తీసుకొని డిష్ తిప్పాడు. టీవీలో ఎవరో టీచరమ్మ వచ్చి "అర్థమైందా?" అంది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, పాపం ఆమెకేం తెలుసు.

డిసెంబరు 9

వస్త అన్నాడు.

సాల్మన్ కూడా వస్త అంటాడు. బాపు ఫోన్‌లో రోజూ వస్త అంటాడు. నేను దినానికి పదిమార్లు వస్త అని పోను. మా ఊళ్ళో వస్త అంటే పోతున్నా అని. వాడు ఇన్ని రోజులు మా మాట నేర్చుకున్నాడు. ఏ వస్త అన్నాడు?

డిసెంబరు 21

పొద్దుగూకినాక గుట్ట మీద చుక్కల్లో శనిని మహేష్ చూపించాడు. గురుగ్రహం పక్కనే ఉంది, రెండూ అతుక్కున్నట్టే. అవ్వ కూడా చూసింది. చేతులు జోడించబోయి ఆగి, "గాలికి నిలబడి ఉంటడు, చలి పుడ్తదో ఏమో," అంది. శనికైతే అంత పెద్ద తోడు ఉంది, మా వాడి దగ్గర ఎవరున్నారు?

జనవరి 15

శని కనబడడం లేదు. సూర్యుడి వెనక్కి పోయిందని మహేష్ అన్నాడు. "మళ్ళ తూర్పుదిక్కు తెల్లారంగ వస్తదట." వాడికి ఇప్పుడు త్రికోణమితి వచ్చు. గర్వం కూడా వచ్చింది.

జనవరి 30

గోడ మీద డిష్ చక్కగా నిలబడి ఉంది. చూస్తే ఒళ్ళు మండుతోంది. దానికి పాఠాలు తప్ప ఏమీ వినబడవు.

ఫిబ్రవరి 21

మహేష్‌కు బడి తెరిచారు. టీవీ ఇక ఎవరికీ అక్కరలేదు. నాకు కూడా అక్కరలేదని వాళ్ళే తేల్చేశారు, ఆరో తరగతి చదువు కిందికి రాదు కదా. సరే, రాకపోతే పోనీ.

తెల్లవారకముందే అవ్వ నన్ను లేపింది. గుట్టకు ఎదురు దిక్కున, తూర్పున, సన్నగా ఒక చుక్క. మహేష్ కళ్ళు నలుపుకొని చూసి అదే అన్నాడు. ముందే చెబుతున్నాను, నేను ఏడవలేదు. చలికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

వాడు చెప్పింది మా వస్త కాదు. సాల్మన్ వస్త అసలే కాదు. వచ్చు ధాతువు, భవిష్యత్కాలము, ఉత్తమ పురుష, ఏకవచనము. నాతో అన్నాడు, వచ్చాడు.

అంతలో దొడ్డిలోంచి దడేల్‌మని చప్పుడు. ఉరికి పోయి చూస్తే లారీ ఈసారి అటు పక్కనుంచి కుమ్మాడు. డిష్ తూర్పుకు తిరిగి తల వంచుకుంది. టీవీ పెడితే ముసురు. చల్లని, తెల్లని, మంచి ముసురు. మహేష్ కుర్చీ తెచ్చుకొని ముందే కూర్చున్నాడు. నేను డిష్‌లో మొకం పెట్టి, "జరా, తిన్నవా?" అన్నాను. అవ్వ నన్ను పక్కకు నూకి తను కూడా అడిగింది.

జవాబుకు ఇంకా టైముంది. మాట నడిచి పోవాలి, నడిచి రావాలి. జర ఆగాలి.

మహేష్ అప్పుడే మొదలుపెట్టాడు, తాడు నేనే విప్పానని. ఈ ఇంట్లో న్యాయం లేదని మొదటి రోజే రాశాను. మళ్ళీ రాస్తున్నాను: తాడు నేను విప్పలేదు.

ఈసారి అవ్వ విప్పింది.